డెండ్రిటిక్ కణాల లోపం అని అనుమానం చెప్పారా? ఏ టెస్టు ముందు, ఏ వైద్యం ఎవరికి, ఏ ఊరు ఎప్పుడు

బీసీజీ (పుట్టగానే వేసే టీబీ టీకా) వేసిన చోట పుండు మానదు, చంకలో గడ్డ, తర్వాత మెడలో గడ్డ, టీబీ మందులు పడుతున్నా జొరం దిగదు, ఇలా శ్రీకాకుళం నుంచి వైజాగ్ దాకా తిరిగి తిరిగి చివరికి ఒక డాక్టరు గారు "ఇది పుట్టుకతో వచ్చిన ఇమ్యూనిటీ లోపం కావొచ్చు, మోనోసైట్లు లేవు, డెండ్రిటిక్ కణాలు కూడా చూడాలి" అని చీటీ మీద రాసిస్తారు (ఈ రెండూ క్రిముల మీద పోరాడే తెల్ల రక్త కణాల రకాలు). ఇంక ఇంట్లో గొడవ మొదలు. మావయ్య హైదరాబాద్ అంటాడు, పక్కింటాయన రాయవేలూరు (వేలూరు సీఎంసీ ఆసుపత్రి) అంటాడు, ఇంకొకరు ఇమ్యూనిటీ ఇంజక్షన్ ఉందట అది ఎక్కించేస్తే సరిపోద్ది అంటారు, మామ్మ "ఏటి బాబూ, గుంటడికి మాటిమాటికీ జొరమే, దిష్టి తీయించండి" అంటాది.

ఇది అలా మధ్యలో ఇరుక్కుపోయిన వాళ్ళ కోసం రాస్తున్నాను. నేను విజయనగరంలో ల్యాబ్ పని చేసేవాడ్ని, డాక్టర్ని కాదు, కాబట్టి మందు మోతాదులు చెప్పను. దేన్ని బట్టి దేన్ని ఎంచుకోవాలో మాత్రం చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: ఏ కణం లేదో తెలిశాకే ట్రీట్‌మెంట్ గురించి, ట్రీట్‌మెంట్ తేలాకే ఊరి గురించి ఆలోచించండి. మనవాళ్ళు ముందు రైలు టికెట్ తీసేస్తారు.

అసలు ఈ కణాలు ఏం చేస్తాయి

మన ఊళ్ళో ఆశా వర్కర్ ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జొరమో చూసి పీహెచ్‌సీకి కబురు పట్టుకెళ్తుంది కదా, డెండ్రిటిక్ కణం పని అదే. చర్మం, ఊపిరితిత్తులు, పేగుల్లో కాపు కాసి, దొరికిన క్రిమి ముక్కని పట్టుకుని లింఫు గ్రంథికి వెళ్ళి అక్కడున్న టీ కణాలకి (ఇవి ఇంకో రకం తెల్ల కణాలు) చూపిస్తుంది, దాంతోపాటు ఐఎల్12 లాంటి సిగ్నల్ కూడా ఇస్తుంది, అప్పుడు టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఇంకో సిగ్నల్ వదిలి, టీబీ జాతి క్రిముల్ని మింగి కూర్చున్న మాక్రోఫేజ్‌లని గట్టిపరుస్తాయి. ఈ దారిలో ఎక్కడ తెగినా బీసీజీ లాంటి బలహీనమైన క్రిమి కూడా ఒళ్ళంతా పాకేస్తుంది.

ఈ కణాన్ని రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్‌విల్ కోన్ 1973లో వివరించారు. స్టైన్‌మన్‌కి 2011లో నోబెల్ ప్రకటించారు, పాపం ఆయన దానికి 3 రోజుల ముందే చనిపోయారు. మనిషిలో ఈ కణాలు లేకుండా పోయే గాటా2, ఐఆర్ఎఫ్8 జీన్ లోపాలు బయటపడింది కూడా అదే 2011లో. అంటే అంతకు ముందు చదువుకున్న డాక్టర్ల పుస్తకాల్లో ఈ పేర్లు లేవు, అందుకని మన ఊరి డాక్టరు మొదట్లోనే పట్టుకోలేదని ఆయన మీద కోప్పడటం న్యాయం కాదు.

దేన్ని బట్టి నిర్ణయించుకోవాలి

ఏ క్రిమి వస్తోంది అన్నది అన్నిటికంటే పెద్ద ఆధారం. బీసీజీ, టీబీ కాని టీబీ జాతి క్రిములు, సాల్మొనెల్లా మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఐఎల్12, ఇంటర్‌ఫెరాన్ గామా దారి వైపు చూడాలి. పులిపిర్లు గుంపులుగా వచ్చి ఎంత కాల్పించినా పోకపోతే గాటా2, డాక్8 అనే జీన్ల వైపు చూడాలి.

రెండోది వయసు. ఏడాది లోపు బిడ్డకి మొదలైందా, ఇరవై ఏళ్ళకి మొదలైందా అన్న దాన్ని బట్టి అనుమానించే జబ్బులూ మారతాయి, తొందర కూడా మారుతుంది.

కణం అసలే లేదా, ఉండి పని చెయ్యట్లేదా, సగం పని చేస్తోందా అన్నది మూడోది. ట్రీట్‌మెంట్ మొత్తం దీని మీదే ఆధారపడుతుంది.

బోన్‌మ్యారో (రక్త కణాలు పుట్టే ఎముక మజ్జ) చెడిపోతోందా లేదా అన్నది నాలుగోది, గాటా2 వాళ్ళకి ఇది చాలా ముఖ్యం. ఆ తర్వాత మ్యారో మార్పిడికి ఇంట్లో సరిపోయే దాత ఉన్నారా, డబ్బు, దూరం, పిల్లాడి దగ్గర నెలల తరబడి ఉండగలిగే మనిషి ఎవరు, ఇవన్నీ. మన ఇళ్ళల్లో చర్చ ఈ చివరి వాటి మీదే జరుగుతుంది, కానీ అవి ఊరిని నిర్ణయిస్తాయి గానీ వైద్యాన్ని కాదు.

రకాలు ఒకచోట

ప్రతి జీన్‌కీ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలు ఉంటాయి. బీ, ఎన్‌కే అన్నవి కూడా తెల్ల కణాల రకాలే.

| రకం | ఏది పోయింది | ఎప్పుడు బయటపడుతుంది | ఎక్కువగా కనపడేవి | మూలకణ మార్పిడి (బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్) |
|---|---|---|---|---|
| గాటా2 లోపం | మోనోసైట్లు, డెండ్రిటిక్, బీ, ఎన్‌కే కణాలు | పెద్ద పిల్లలు, యువకులు | పులిపిర్లు, టీబీ జాతి క్రిములు, కాలు వాపు, మ్యారో జబ్బు | చాలామందికి చివరికి అవసరం, ఎప్పుడన్నదే ప్రశ్న |
| ఐఆర్ఎఫ్8, రెండు కాపీలూ చెడితే | మోనోసైట్లు, డెండ్రిటిక్ కణాలు పూర్తిగా | పసితనంలో | బీసీజీ ఒళ్ళంతా పాకడం | అవసరం, త్వరగా |
| ఐఆర్ఎఫ్8, ఒక కాపీ చెడితే | ఒక రకం డెండ్రిటిక్ కణం | చిన్నతనం | బీసీజీ జబ్బు, మందులకి లొంగుతుంది | సాధారణంగా మందులతోనే |
| ఐఎల్12 దారి లోపాలు | కణాలు ఉంటాయి, సిగ్నల్ తెగుతుంది | చిన్నతనం | బీసీజీ, సాల్మొనెల్లా | ఎక్కువమందికి అక్కర్లేదు |
| ఎంహెచ్‌సీ క్లాస్2 లోపం | కణం ఉంది, క్రిమి ముక్కని చూపించలేదు | పసితనం | విరేచనాలు, న్యుమోనియా, బరువు పెరగకపోవడం | అవసరం |
| డాక్8 లోపం | కణాలు కదల్లేవు, టీ కణాలూ దెబ్బతింటాయి | చిన్నతనం | ఎగ్జిమా, అలర్జీ, పులిపిర్లు | ఎక్కువగా సిఫారసు చేస్తారు |

ఇవి కాక విస్కాట్ ఆల్డ్రిచ్ ఉంది, మగపిల్లలకి వస్తుంది, ప్లేట్‌లెట్లు తక్కువ, అందులోనూ డెండ్రిటిక్ కణాలు సరిగ్గా కదల్లేవు. 2018లో బయటపడిన ఎస్‌పీపీఎల్2ఏ లోపం కూడా ఉంది, అందులో ఒక రకం డెండ్రిటిక్ కణాలు తగ్గి బీసీజీ జబ్బు వస్తుంది. ఇవి ఇంకా అరుదు, పేరు గుర్తుంటే చాలు.

గాటా2 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఇది తప్పుదారి పట్టడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఈ జబ్బులో కొందరికి లింఫు ప్రవాహం ఆగి కాలు వాస్తుంది. శ్రీకాకుళం, విజయనగరంలో కాలు వాస్తే ఎవరైనా మొదట అనేది బోదకాలు, అందులో తప్పు లేదు, ఇక్కడ ఫైలేరియా చాలాకాలంగా ఉన్నదే. రాత్రి పూట రక్తం తీసి చూస్తారు, పాత బోదకాలులో ఆ టెస్టు నెగటివ్ రావడం మామూలే, కాబట్టి నెగటివ్ వచ్చినంత మాత్రాన ఫైలేరియా కాదనీ చెప్పలేం. కానీ వాపుతో పాటు చేతుల మీద, మర్మాంగాల దగ్గర పులిపిర్లు గుంపులుగా ఉండి, రక్త పరీక్షల్లో మోనోసైట్లు ఎప్పుడూ సున్నాకి దగ్గరగా వస్తుంటే అది ఫైలేరియా కథ కాదు. వినికిడి తగ్గడం, ఊపిరితిత్తుల్లో పాలలా ఒక పదార్థం పేరుకుపోయి ఆయాసం రావడం కూడా ఇందులో ఉంటాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం, ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా వచ్చిన వాళ్ళూ చాలామంది ఉన్నారు.

ఐఆర్ఎఫ్8లో రెండు కాపీలూ చెడే రకం, ఎంహెచ్‌సీ క్లాస్2, డాక్8, ఐఎల్12 దారిలో చాలా భాగం, ఇవి తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒక్కో చెడ్డ కాపీ వస్తేనే వస్తాయి, అందుకే మేనరికాల్లో ఎక్కువ కనపడతాయి. మన వైపు మేనరికం ఇంటింటి సంగతి కాబట్టి డాక్టరు అడిగితే దాచకండి, ఎవరి తప్పూ అని కాదు, ఆ ఒక్క సమాధానం వల్ల వెతకాల్సిన జీన్ల జాబితా సగం తగ్గిపోతుంది.

టెస్టులు: చవకది ముందు, కానీ సరిగ్గా

సీబీసీతో, అంటే రక్త కణాల లెక్కతో మొదలుపెట్టాలి. అందరి దగ్గరా పాత సీబీసీ కాగితాలు కట్టలు కట్టలుగా ఉంటాయి, కానీ మోనోసైట్ల గడి ఎవరూ చూడరు, తెల్ల రక్త కణాలు మొత్తం బాగుంటే వదిలేస్తారు. మైక్రోలీటర్‌కి సుమారు 200 నుంచి 800 మోనోసైట్లు ఉండాలి. ఇక్కడ ల్యాబ్ వాడిగా ఒక మాట: చిన్న ఊళ్ళలో ఎక్కువగా ఉండేది త్రీ పార్ట్ మెషీన్, అది మోనోసైట్లని, ఈసినోఫిల్స్‌ని, బేసోఫిల్స్‌ని కలిపేసి మిడ్ అని ఒకే అంకె ఇస్తుంది, ఆ కాగితం చూసి మోనోసైట్లు బాగానే ఉన్నాయనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఫైవ్ పార్ట్ మెషీన్ ఉన్న ల్యాబ్‌లో చెయ్యమనండి, లేదా స్లైడు వేసి చేత్తో లెక్కపెట్టమనండి. ఒక్కసారి తక్కువ వస్తే కంగారు వద్దు, పెద్ద ఇన్‌ఫెక్షన్‌లోనూ పడిపోవచ్చు, పెద్దవాళ్ళలో హెయిరీ సెల్ లుకేమియాలో కూడా పడిపోతాయి, వేరు వేరు నెలల కాగితాల్లో అదే పనిగా తక్కువ ఉంటే అప్పుడు ఆలోచించాలి.

దీంతో పాటే హెచ్ఐవీ టెస్టు. బిడ్డకైనా పెద్దవాళ్ళకైనా మొహమాటపడొద్దు, డెండ్రిటిక్ కణాలు హెచ్ఐవీలో కూడా తగ్గుతాయి, అది తేలకుండా పుట్టుక లోపం కోసం వేలు ఖర్చు పెట్టడం దండగ. స్టెరాయిడ్లు వాడి ఉంటే అది కూడా చెప్పండి, ఆర్‌ఎంపీ గారిచ్చిన పొడి మందుల్లో ఏముందో తెలీకపోతే తెలీదని చెప్పండి.

తర్వాత ఇమ్యునోగ్లోబులిన్లు (రక్తంలోని యాంటీబాడీలు, ఐజీజీ వాటిలో ముఖ్యమైన రకం), ఫ్లో సైటోమెట్రీలో (కణాల్ని రకాల వారీగా లెక్కపెట్టే టెస్టు) టీ, బీ, ఎన్‌కే లెక్క, న్యూట్రోఫిల్స్ పని చూసే డీహెచ్‌ఆర్ టెస్టు. ఇవి డెండ్రిటిక్ కణాల టెస్టులు కావు, కానీ బీసీజీ పాకడానికి వీటి కంటే ఎక్కువగా కారణమయ్యే స్కిడ్‌ని (పుట్టుకతోనే టీ కణాలు లేని లోపం), సీజీడీని (న్యూట్రోఫిల్స్ మింగిన క్రిముల్ని చంపలేని లోపం) పట్టుకునేది ఇవే. వీటిని దాటకుండా నేరుగా అరుదైన దాని వెనక పరిగెత్తకండి.

డెండ్రిటిక్ కణాల ప్యానెల్ అన్నది ప్రతి ల్యాబ్‌లో ఉండదు. రక్తంలో ఇవి తెల్ల కణాల్లో నూటికి ఒకటి కూడా ఉండవు, అందుకే బాగా అలవాటున్న చేతులు కావాలి. ముందే ఫోన్ చేసి చేస్తారా అని కనుక్కుని, ఊదా మూత ట్యూబులో తీసిన రక్తం ఫ్రిజ్‌లో పెట్టకుండా, ఐసు మీద పెట్టకుండా, మామూలు గది వేడిలోనే, వీలైతే 24 గంటల్లో చేరేలా పంపాలి. శనివారం తీయొద్దు, ఆదివారం కొరియర్ ఆఫీసులో కూర్చున్న శాంపిల్‌లో కణాలు చచ్చిపోయి లేని జబ్బు ఉన్నట్టు రావొచ్చు.

చివరిది జీన్ టెస్టు, ఎక్సోమ్, అంటే జీన్లలో ప్రోటీన్ తయారీకి పనికొచ్చే భాగాలన్నీ ఒకేసారి చదవడం. ఇది ఖరీదు, రిపోర్టుకి వారాలు పడుతుంది, కానీ కొరియర్‌లో ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా పాడవదు, అంటే దీని కోసం మీరు ఊరు దాటక్కర్లేదు, రాజాం నుంచైనా పలాస నుంచైనా పంపొచ్చు. నా లెక్కలో ఫ్లోకీ జీన్‌కీ రెండింటికీ డబ్బు లేక ఒకటే ఎంచుకోవాల్సి వస్తే, పసిబిడ్డకి ముందు ఫ్లో చేయించాలి, ఎందుకంటే జవాబు రోజుల్లో కావాలి, పెద్దవాళ్ళకి ముందు జీన్ చేయించాలి. ఒక చిక్కు ఉంది, గాటా2లో కొన్ని మార్పులు జీన్ మధ్యలో ఎక్సోమ్ చదవని చోట ఉంటాయి, కాబట్టి లక్షణాలన్నీ గాటా2 లాగే ఉండి ఎక్సోమ్ నెగటివ్ వస్తే అక్కడితో వదిలెయ్యకుండా ఆ భాగం విడిగా చదవమని అడగాలి.

ఇంకోటి, రక్తం ఎక్కించే ముందే, ఐవీఐజీ ఎక్కించే ముందే శాంపిళ్ళు తీసేయండి. ఐవీఐజీలో ఉండేది వేరేవాళ్ళ యాంటీబాడీలు, అది ఎక్కాక చేసిన యాంటీబాడీ టెస్టులు మీ బిడ్డవి కావు.

వైద్యాలు: నాలుగు దారులు

ముందుజాగ్రత్త మందులతో కనిపెట్టుకుని ఉండటం ఒక దారి. అజిత్రోమైసిన్, కోట్రైమాక్సజోల్, ఫంగస్ మందు లాంటివి డాక్టరు చెప్పిన లెక్కన రోజూ లేదా వారానికి ఇన్నిసార్లు వేసుకోవడం, ఏడాదికోసారి మ్యారో, ఊపిరితిత్తులు చూపించుకోవడం. గాటా2 ఉండి ఇంకా పెద్ద జబ్బు రాని వాళ్ళకి, ఐఆర్ఎఫ్8 ఒక కాపీ రకానికి ఇది న్యాయమైన దారి. ఖర్చు తక్కువ, ఊరు వదలక్కర్లేదు, చాలా మందులు ఇక్కడే మెడికల్ షాపులో దొరుకుతాయి. నష్టమేంటంటే బాగున్నాడు కదా అని ఏడాది చెకప్ మానేస్తారు, ఈలోగా మ్యారోలో ఏడో క్రోమోజోమ్ ఒకటి పోవడం, ఎనిమిదోది ఒకటి ఎక్కువ రావడం లాంటి మార్పు వచ్చి లుకేమియా దాకా పోయే ప్రమాదం ఉంది. ప్రతి ఏడాదీ వెళ్ళగలమా లేదా అన్నది నిజాయితీగా చూసుకుని ఈ దారి ఎంచుకోండి, వలస కూలీకి హైదరాబాదో చెన్నైయో వెళ్ళే కుటుంబం అయితే ఆ ఊళ్ళోనే చెకప్ పెట్టుకోవడం మంచిది.

బీసీజీ జబ్బు మందుల గురించి ఒక ముక్క. టీబీ కోసం చేసే సీబీనాట్ టెస్టు పాజిటివ్ వస్తే అది అసలు టీబీయా, టీకాలోని బీసీజీయా అని ఆ టెస్టు చెప్పలేదు. బీసీజీ మీద పైరజినమైడ్ పని చెయ్యదు. అందుకని చిన్న బిడ్డకి బీసీజీ వేసిన వైపు చంకలో మొదలై పాకిన టీబీ అయితే, ఇది బీసీజీ కావొచ్చా అని టీబీ యూనిట్ డాక్టరుని అడగండి, వాళ్ళు మందులు మార్చాల్సి రావొచ్చు.

రెండో దారి ఇంటర్‌ఫెరాన్ గామా ఇంజక్షన్, వారానికి 3 సార్లు చర్మం కింద. ఐఎల్12 తయారు కాని వాళ్ళకి, ఐఎల్12ని అందుకోలేని వాళ్ళకి యాంటీబయాటిక్స్‌తో పాటు ఇది బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే దారిలో తెగిన చోటుని దాటేసి చివరి సిగ్నల్‌ని మనమే బయట నుంచి ఇస్తున్నాం. అదే ఇంటర్‌ఫెరాన్ గామాని అందుకునే రిసెప్టరే పూర్తిగా లేని వాళ్ళకి ఎంత పొడిచినా లాభం లేదు, వినే చెవే లేదు కదా. రెండు జబ్బులూ బయటకి ఒకేలా కనపడతాయి, లక్షలు ఖర్చు పెట్టి మొదలుపెట్టే ముందు జీన్ రిపోర్టు ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది. ఫ్రిజ్ కావాలి, కరెంటు పోయినా చల్లగా ఉంచే ఏర్పాటు కావాలి, తుఫాను వస్తే మన తీరంలో రోజుల తరబడి కరెంటు ఉండదు, 2018 తిత్లీ అప్పుడు ఉద్దానం వాళ్ళు పడ్డ పాట్లు తెలిసినవే, కాబట్టి టౌన్లో ఉన్న బంధువు ఇంట్లో ఒక చోటు చూసి పెట్టుకోండి.

మూడో దారి ఐవీఐజీ. ఇమ్యూనిటీ ఇంజక్షన్ అని జనం అనేది దీన్నే. 3, 4 వారాలకోసారి ఎక్కించాలి, ఒక్కో డోసుకే వేలల్లో ఖర్చు, బరువు పెరిగే కొద్దీ పెరుగుతుంది. ఇది ఇచ్చేది యాంటీబాడీలు మాత్రమే. డెండ్రిటిక్ కణాన్ని ఇవ్వదు, మోనోసైట్‌ని ఇవ్వదు, బీసీజీ మీద, పులిపిర్ల మీద దీని ప్రభావం ఆశించకూడదు. గాటా2 వాళ్ళలో బీ కణాలు తక్కువున్నా చాలామందికి ఐజీజీ మామూలుగానే ఉంటుంది, అలాంటి వాళ్ళకి ఇది నీళ్ళలో పోసిన డబ్బు. ఐజీజీ నిజంగా తక్కువ ఉండి, న్యుమోనియాలు, చెవి చీములు మళ్ళీ మళ్ళీ వస్తున్న వాళ్ళకి, ఎంహెచ్‌సీ క్లాస్2 బిడ్డలకి మార్పిడి దాకా ఆగడానికి, ఇది కావాలి. ఎందుకు ఎక్కిస్తున్నారు, ఐజీజీ ఎంతుంది అని అడిగితే మంచి డాక్టరు అంకె చెప్తాడు. బజార్లో అమ్మే ఇమ్యూనిటీ పొడుల గురించి రాయడానికి నా టైము వేస్టు.

నాలుగోది మూలకణ మార్పిడి, బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్. డెండ్రిటిక్ కణాలు పుట్టేది మ్యారోలోని మూలకణాల నుంచే, కాబట్టి లేని కణాన్ని తెచ్చి ఇవ్వగలిగే దారి ఇదొక్కటే. ఐఆర్ఎఫ్8 రెండు కాపీల బిడ్డకి, ఎంహెచ్‌సీ క్లాస్2కి ఆలోచించడానికి పెద్దగా ఏం లేదు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఇన్‌ఫెక్షన్‌ని ముందు వీలైనంత అదుపులోకి తెచ్చి వెళ్ళాలి. కష్టమంతా గాటా2లో. బాగున్నప్పుడే చేయిస్తే శరీరం తట్టుకుంటుంది, కానీ బాగున్న మనిషిని ప్రాణాపాయం ఉన్న పనికి ఎలా పంపుతాం అని ఇంట్లోవాళ్ళకి ఉంటుంది. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు పాడైపోయి, లేదా లుకేమియా వచ్చేశాక మార్పిడి ఫలితం తగ్గుతుంది. మ్యారోలో మార్పు మొదలవడం, టీబీ జాతి ఇన్‌ఫెక్షన్ పెద్దగా రావడం, ఊపిరితిత్తుల జబ్బు ముదరడం, ఈ మూడింట్లో ఏదొచ్చినా ఇంక ఆగొద్దని నేననుకుంటాను, కానీ అవి రాకముందే మ్యాచింగ్ టెస్టులు, దాత వెతుకులాట అన్నీ అయిపోయి కాగితం బీరువాలో ఉండాలి.

దాత విషయంలో అన్నకో చెల్లికో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. గాటా2 అయితే ఆ అన్నకీ అదే జీన్ మార్పు లేదని చూశాకే తీసుకోవాలి, పైకి గట్టిగా ఉన్నా లోపల అదే లోపం ఉండొచ్చు, ఆ మ్యారోనే తెచ్చి పెడితే మళ్ళీ మొదటికొస్తాం. రెండు కాపీల జబ్బుల్లో ఒక కాపీ మాత్రమే ఉన్న అన్నదమ్ములు సాధారణంగా దాతలుగా పనికొస్తారు. ఇంట్లో కలవకపోతే చెన్నైలోని దాత్రి లాంటి రిజిస్ట్రీల్లో వెతుకుతారు, లేదంటే అమ్మో నాన్నో సగం మ్యాచింగ్‌తో ఇస్తారు. సగం మ్యాచింగ్ ఇప్పుడు మన దేశంలో చాలా సెంటర్లు చేస్తున్నాయి, దాత కోసం నెలలు ఆగక్కర్లేదు, కానీ మ్యారో పట్టకపోవడం, కొత్త కణాలు ఒంటి మీదకే తిరగబడటం లాంటి చిక్కులు పూర్తి మ్యాచింగ్ కంటే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఏ ఊరు

మొదటి టెస్టులకి, ఇన్‌ఫెక్షన్ అదుపుకి శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు, వైజాగ్ కేజీహెచ్ చాలు. పిల్లాడు ఆయాసపడుతుంటే సరాసరి దూరం ఎక్కించేయకండి, ముందు దగ్గర్లో కుదుటపరిచి వెళ్ళండి.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరిశోధన సంస్థ) కలిపి కేంద్ర ప్రభుత్వ అరుదైన జబ్బుల పాలసీలో ఒక సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. 2021 పాలసీ కింద ఈ సెంటర్లలో నమోదైన రోగికి 50 లక్షల దాకా సాయానికి వీలుంది, స్కిడ్, సీజీడీ, విస్కాట్ ఆల్డ్రిచ్ లాంటివి ఒక్కసారి మార్పిడితో నయమయ్యే గ్రూపులో ఉన్నాయి. మీ జబ్బు పేరు జాబితాలో ఉందా, లేకపోతే ఏ పేరు కింద దరఖాస్తు పెట్టొచ్చు అన్నది ఆ సెంటర్‌లోనే అడగాలి, జీన్ రిపోర్టు లేకుండా అడిగితే కదలదు. భాష మనదే, రాత్రి ఎక్కితే పొద్దున్నకి దిగొచ్చు, డబ్బు సమస్య ఉన్నవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే.

వేలూరు సీఎంసీ 1986 నుంచి మార్పిడులు చేస్తోంది, అనుభవం ఎక్కువ. బొకారో ఎక్స్‌ప్రెస్ అని మనం పిలిచే బండి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా కాట్పాడి వెళ్తుంది, అందుకే మన వైపు నుంచి అంతమంది అక్కడ కనపడతారు. కష్టమల్లా ఉండటమే. మార్పిడికి ఆసుపత్రిలోనే 4 నుంచి 6 వారాలు, తర్వాత ఆసుపత్రికి దగ్గర్లో మొత్తం 100 రోజుల దాకా ఉండాలి, అద్దె, వంట, ఇక్కడ పొలం చూసుకునే మనిషి, అన్నీ ముందే లెక్కేసుకోండి. చండీగఢ్ పీజీఐ పిల్లల ఇమ్యూనిటీ లోపాలకి దేశంలో బాగా పేరున్న చోటు, ముంబైలో ఐసీఎంఆర్ వాళ్ళ ఇమ్యునోహిమటాలజీ సంస్థలో ఈ టెస్టులు చేస్తారు, కానీ అంత దూరం మనిషి వెళ్ళే ముందు శాంపిల్ వెళ్ళగలదేమో మీ డాక్టరు ద్వారా కనుక్కోండి.

ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే ఏ ప్యాకేజీ కిందకి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని చేరిన రోజే అడగండి, బిల్లు అయ్యాక అడిగితే లాభం లేదు.

మీ పరిస్థితి ఏది

ఏడాది లోపు బిడ్డ, బీసీజీ పాకింది: చంకలో ఒక్క గడ్డ మాత్రమే ఉంటే అది ఆరోగ్యంగా ఉన్న పిల్లలకీ వస్తుంది, భయపడకండి. వేరే చోట గడ్డలు, ఎముక వాపు, కాలేయం పెరగడం, జొరం ఉంటే ఫ్లో ఈ వారమే. రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ చేసిన రక్తం కావాలా అని అడగండి.

ఇరవైల్లో ఉన్నారు, పులిపిర్లు, మోనోసైట్లు లేవు: జీన్, మ్యారో, ఊపిరితిత్తుల స్కాన్. హెచ్‌పీవీ (పులిపిర్ల జాతి వైరస్) టీకా జీవమున్న టీకా కాదు కాబట్టి డాక్టరుతో మాట్లాడి వేయించుకోవచ్చు. పెళ్ళి సంబంధం చూస్తున్నారని రిపోర్టు దాచే ఇళ్ళు ఉన్నాయి, పుట్టబోయే బిడ్డకి సగం అవకాశం ఉన్న జబ్బుని దాచి పెళ్ళి చెయ్యడం మంచిది కాదని నా ఉద్దేశం.

ముందు బిడ్డ పోయింది, మళ్ళీ కడుపుతో ఉన్నారు: రెండు కాపీల జబ్బు అయితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక అవకాశం. ముందు బిడ్డ జీన్ రిపోర్టు ఉంటే కడుపులో ఉండగానే తెలుసుకోవచ్చు, అందుకే అంత బాధలోనూ ఆ బిడ్డ డీఎన్ఏ దాచమని అడగడం అవసరం. కాన్పు అయ్యే ఆసుపత్రిలో ముందే రాతపూర్వకంగా చెప్పండి, బీసీజీ, పోలియో చుక్కలు పుట్టగానే వేసేస్తారు, ఈ బిడ్డకి టెస్టు అయ్యేదాకా ఆపాలి. రోటా చుక్కలు, 9 నెలల ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) కూడా జీవమున్న టీకాలే, డాక్టరు చెప్పాకే. పల్స్ పోలియో రోజు అంగన్‌వాడీ ఆవిడ ఇంటికొస్తే ఇంట్లో మిగతా పిల్లలకి కూడా చుక్కలు వద్దని, బదులు పోలియో ఇంజక్షన్ వేయిస్తామని చెప్పి డాక్టరు చీటీ చూపించండి, పాపం ఆవిడ పైవాళ్ళకి లెక్క చెప్పుకోవాలి, ఆ చీటీ జిరాక్స్ ఒకటి ఆవిడకే ఇచ్చేస్తే మళ్ళీ మళ్ళీ అడగదు.

మార్పిడి అయ్యి ఊరొచ్చేశారు: కనీసం మొదటి ఏడాది సిరిమానోత్సవం, అరసవల్లి రథసప్తమి లాంటి రద్దీలు టీవీలో చూడండి. పచ్చి పాలు, సరిగ్గా ఉడకని మాంసం వద్దు. పాత టీకాలన్నీ మళ్ళీ కొత్తగా వెయ్యాలి, ఎప్పుడు ఏది అన్న షెడ్యూలు మార్పిడి చేసిన సెంటర్ వాళ్ళే రాసిస్తారు, పీహెచ్‌సీ కార్డు చూసి వేయించకండి.